ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే రెండు వంటలెందుకు?

ఒంగోలు

చి. సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడుగారికి షుగర్ అని తేలిన దగ్గరనుంచి నువ్వు చేస్తున్న పనులన్నీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పంచదార డబ్బా పనిమనిషికి ఇచ్చేశావట. ఆయనకు పుల్కాలు, మిగతా అందరికీ అన్నం అని పూటకు రెండు వంటలు మొదలుపెట్టావట. కొర్రలు, సామలు, అరికెలు, అండుకొర్రలు బస్తాల లెక్కన దించావట. భయపడ్డ మనిషి ఇలాగే చేస్తుంది, తప్పు పట్టను. కానీ ఈ జోరు నాలుగు వారాలు కూడా నిలవదు. మీ పెదనాన్నకు షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇన్నేళ్లూ ఆ ఇంట్లో వంట నాదే. ఆ చనువుతో రాస్తున్నాను. మందుల సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. నేను చెప్పేది వంటింటి గురించి, వడ్డన గురించి.

ముందు ఆ రెండో వంట మానెయ్. నీ ఓపిక సంగతి అలా ఉంచు. అందరూ గోంగూర పప్పు కలుపుకుంటుంటే ఒక్క మనిషి ముందు రెండు ఎండు పుల్కాలు పెడితే, సొంత ఇంట్లో ఆయన రోగి అయిపోతాడు. అలా కూర్చోబెట్టిన మగవాళ్లు బయట హోటల్లో తినడం నేర్చుకుంటారు. పైగా ఆయనకు మంచిదైన తిండి నీకూ, పిల్లలకూ మంచిదే. తండ్రికి షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మీ అబ్బాయికి పదమూడేళ్లే కదా అనుకోకు, బడి నుంచి వస్తూ వాడు తాగే కూల్‌డ్రింకులు నేను చూశాను. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్కకట్టింది. అంతమందికి ఎవరు వేరే పొయ్యి వెలిగిస్తారు? ఒకే కుండ ఉండాలి, ఆ కుండలో వండేదే మారాలి.

ఇక అన్నం. పెన్నా నీళ్ల కింద మొలగొలుకులు పండించి పేరు తెచ్చుకున్న నెల్లూరులో కూర్చుని అన్నం మానమంటే వినే నాథుడు ఉండడు. మానక్కర్లేదు కూడా. అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఒకరోజు నువ్వు తినకుండా పక్కన కూర్చుని మీ ఇంటి భోజనం గమనించు. పప్పుతో ఒకసారి అన్నం కలుపుకుంటారు. కూరతో మళ్లీ. పులుసుతో మళ్లీ. ఆ తర్వాత చారు, చివర పెరుగు. ఒక్కొక్క దానికీ హస్తంతో, అంటే అన్నం వడ్డించే పెద్ద గరిటెతో, కొత్తగా అన్నం పడుతుంది. ఏ మారుకు ఆ మారు కొంచెమే అనిపిస్తుంది, తినేవాళ్లకూ వడ్డించేవాళ్లకూ లెక్క తెలియదు. మొదట్లోనే ఆ అన్నమంతా ఒక్కసారిగా కంచంలో పోస్తే ఎవరైనా గుండెలు బాదుకుంటారు.

కాబట్టి కోత చారు దగ్గరా పెరుగు దగ్గరా పెట్టు. మిరియాల చారు గ్లాసులో పోసి ఇవ్వు, తాగుతారు. పెరుగులో అన్నానికి బదులు కీరదోస ముక్కలు వెయ్, లేదా పల్చగా మజ్జిగ చేసి కరివేపాకు, అల్లం నలిపి వెయ్. ఈ రెండు మారులు పోయినా ఎవరికీ ఆకలి మిగలదు. నోటికి పెరుగన్నం అలవాటు ఉంటుంది కనుక మొదటి వారం సణుగుతారు, సణగనీ.

రెండో పని, కూర ఎక్కువ వండు. మన ఇళ్లలో ఆరుగురికి అరకిలో వంకాయలు కోసి వేపుడు చేసి, దాన్ని అన్నానికి నంజుడులా వాడుకుంటాం. కిలోన్నర కొను. దొండకాయ, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైనా సరే. వేపుడే కావాలంటే ముందు ఆవిరి మీద ఉడికించి, తర్వాత పోపులో తిప్పు. నూనె సగానికి సగం మిగులుతుంది. భోజనానికి కూర్చోగానే మొదట కూర, పప్పు నాలుగు ముద్దలు ఉత్తవి తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోమను. కూర, పప్పు ముందు కడుపులో పడితే తిన్నాక షుగర్ అంత వేగంగా ఎగబాకదు. అన్నం లేకుండా ఉత్త కూర ఎలా తింటారని మీ పెదనాన్న మొదట్లో నాతో పోట్లాడారు. ఇప్పుడు పాలు పోసి వండిన బీరకాయ కూర గిన్నె ముందు పెట్టకపోతే పోట్లాడుతున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ పండ్లూ ఉండాలనే చెప్పారు. మన కంచంలో ఆ సగం జాగా అన్నానిది.

అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచు, కూర, పప్పు గిన్నెలు మాత్రం భోజనాల దగ్గర పెట్టు. లేచి వెళ్లి తెచ్చుకోవాలంటే మూడో మారు అడిగేవాళ్లు తగ్గుతారు. వెడల్పు హస్తం అటక మీద పడెయ్. మా ఇంట్లో అన్నానికి ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఉంది. చిన్నది, రెండుసార్లు వేస్తే ఒక కప్పు. దానితో రెండు గరిటెలు, అంతే.

ఇక్కడ మీ అత్తగారి సంగతి రాయాలి. వదినగారు మంచి మనిషి, కొడుకు కంచం ఖాళీగా కనిపిస్తే ఆమె చెయ్యి ఆగదు. "ఇంత కొంచెమేనా, ఇంకాస్త వేసుకో నాన్నా" అంటూ వద్దన్నా వడ్డిస్తారు. ఆమెతో వాదన పెట్టుకోకు. వద్దంటే కోడలు కొడుకును మాడుస్తోందని వీధంతా తెలుస్తుంది. వడ్డన ఆమెకే అప్పగించు, కానీ ఆమె చేతికి కూర గిన్నె ఇవ్వు. అన్నం నువ్వు వడ్డించు. ఆమె ఎంత ప్రేమ పొంగినా దొండకాయలే పడతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకసారి ఆమెనూ వెంట తీసుకుపో. నీ నోటితో వంద సార్లు చెప్పినదానికన్నా ఆయన ఒక్కసారి చెబితే పని అవుతుంది.

చేపల పులుసు మానిపించావని విన్నాను. ఎందుకు? కొర్రమీనైనా బొమ్మిడాయిలైనా వంజరమైనా చేపలో పిండిపదార్థం ఉండదు. చింతపండు, మామిడికాయ, మెంతిపొడి వేసి పెట్టిన పులుసుతో ఆయనకు వచ్చే ముప్పు పెద్దగా లేదు. ముప్పంతా ఆ పులుసు బాగుందని తినే అన్నంతోనే. పొద్దున పెట్టిన పులుసు మర్నాటికి ఇంకా రుచెక్కుతుంది కదా, అప్పుడు కొండంత కలుపుకుంటాం. రెండు ముక్కలు ఎక్కువ వెయ్, అన్నం గరిటె ఒకటి తగ్గించు. నూనె పైకి తేలేదాకా పొయ్యకు. ఉప్పు చేపలు, ఊరగాయలు మాత్రం బాగా తగ్గించు. షుగర్‌తో బీపీ కూడా చేరిందంటే మూత్రపిండాలకు చేటు. మనిషికి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలు, అంటే ఒక టీ చెంచా. మన ఆవకాయ ముక్క ఒక్కటే అందులో ఎంత తింటుందో చూసుకో.

చిరుధాన్యాలు తెచ్చావు కాబట్టి పారెయ్యకు, కానీ వాటిని మందుగా భావించకు. కొర్రన్నంలోనూ పిండిపదార్థమే ఉంటుంది. పీచు కొంచెం ఎక్కువ కనుక మంచిదే, కానీ గిన్నెడు తింటే గిన్నెడంత షుగర్ పెరుగుతుంది. రాగిజావ ఇంకా మోసం, మెత్తగా ఆడించిన పిండి, పైగా తాగేది. గటగటా లోపలికి పోయి అంతే వేగంగా రక్తంలోకి చేరుతుంది. మా మెట్ట ఊళ్లలో పెద్దవాళ్లు సజ్జ సంకటి, జొన్నన్నం తిని దుక్కిలా ఉన్నారని అందరూ చెబుతారు. వాళ్లు పొద్దస్తమానం చేలో ఉన్నారన్న మాట చెప్పరు. బెల్లం, తాటిబెల్లం, తేనె కూడా చక్కెర లెక్కే. షుగర్‌ఫ్రీ అని రాసిన బిస్కెట్లలో మైదా ఉంటుంది, డబ్బు దండగ. కాకరకాయ రసం తాగుతున్నారు కనుక మాత్రలు ఆపేయవచ్చని ఎవరైనా చెబితే వాళ్లను గుమ్మంలోంచే పంపించెయ్.

టిఫిను దగ్గర పెద్ద కష్టం లేదు. నెయ్యి కారం దోసెలు నాలుగు తినే మనిషికి రెండు పెసరట్లు వేసి, పల్లీ చట్నీ ధారాళంగా వెయ్. వారానికి రెండు రోజులు అలసంద గుగ్గిళ్లో, శనగ గుగ్గిళ్లో, ఉడికించిన గుడ్లో పెట్టు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ బాగా పండుతుంది. నాకు దొరికినప్పుడు నీకూ పంపుతాను. కారం దోసె కావాలని ఆదివారం అడిగితే ఒకటి వేసి పెట్టు. మొత్తం వద్దన్నావో, అది బయట తింటారు.

ఈ సందర్భంలో మా మరిది కథ చెప్పాలి. వాళ్ల ఇంట్లో తోటికోడలు స్వీట్ల డబ్బాకు తాళం వేసింది, ఇంటికి వచ్చిన వాళ్ల ముందు ఆయన కంచంలోంచి అరిసె తీసి పక్కన పెట్టేది. కొన్నాళ్లకు స్కూటర్ డిక్కీలో రిజిస్ట్రేషన్ కాగితాల కింద నెయ్యి మరకలతో మైసూర్‌పాక్ పొట్లం దొరికింది. ఆయన వయసు అప్పటికి యాభై ఎనిమిది. దాచుకుని తినేవాడు లెక్క చెప్పడు, లెక్క తెలియకపోతే డాక్టరు మాత్ర ఎలా సరిచేస్తారు? అందుకే మలై కాజా ఇంటికి వస్తే అందరి ఎదుటే ఒకటి తిననీ, భోజనం చివర, అన్నం ఒక గరిటె తగ్గించుకుని. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు చెయ్, తక్కువ చెయ్. మిగిలింది పండుగ నాడే పంచెయ్, ఫ్రిజ్‌లో పెట్టకు. నువ్వు కాపలా కాయవద్దు. గ్లూకోమీటరు కొని ఆయన చేతికే ఇవ్వు. తినే ముందూ తిన్న రెండు గంటలకూ ఆయనే చూసుకుని, ఏం తిన్నారో పక్కన రాసుకోమను. పులుసన్నం మూడు మార్లు తిన్న రోజు ఆ మీటరు చెప్పే మాటకు ఆయన నీతో గొడవ పడలేరు.

పంచదార మాత్రం మళ్లీ కొను. ఇది నవ్వుకోవడానికి రాయడం లేదు. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు వేళకు తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఉన్నట్టుండి చిరాకు పడతారు, మాట తడబడుతుంది. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటరు అందుబాటులో లేకపోయినా, వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడు, ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వు. తేరుకున్నాక ఏదైనా తినిపించు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకు, 108కి ఫోను చెయ్. ఆయన వేసుకునే మాత్రలు ఈ రకానివేనా అని డాక్టరుగారిని అడిగి, పేరు రాసి ఫ్రిజ్ మీద అంటించు. శనివారం ఉపవాసం ఉంటారట కదా, ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో కూడా అడగాలి. స్వామికి చెప్పుకుంటే సరిపోతుందన్న ధీమా పనికిరాదు.

రేపెప్పుడైనా ఇన్సులిన్ రాస్తే ఏడుపు మొదలుపెట్టకు. అది ఆఖరి మందు అని మన ఊళ్లలో ఒక అపోహ. 1922లో కెనడాలోని టొరంటోలో పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇచ్చి బతికించుకున్న మందు అది. అప్పటిదాకా ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 రకం షుగర్ వచ్చిన పిల్లలు చిక్కి శల్యమై పోయేవారు.

పాదాలు రోజూ చూడాలి. స్నానం తర్వాత వేళ్ల సందులు తుడిచి, కింది భాగం చూసుకోమను, వంగలేకపోతే నువ్వు చూడు. ఎండాకాలం పెంచలకోనకు వెళితే రాతి మీద ఉత్త కాళ్లతో నడవనివ్వకు. స్పర్శ తగ్గిన కాలికి కాలిన సంగతి తెలియదు, బొబ్బ లేచాక తెలుస్తుంది. కంటి రెటీనా పరీక్ష ఏడాదికోసారి, చూపు బాగున్నా సరే. మూత్రపిండాల సంగతి తెలిపే, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా అలాగే.

రాత్రి భోజనం అయ్యాక ఇద్దరూ కలిసి పావుగంట నడవండి. స్వర్ణాల చెరువు దాకా వెళ్లక్కర్లేదు, మీ వీధి చివరి దాకా రెండుసార్లు తిరిగినా చాలు. ఇంటి కబుర్లు ఆ వేళకు దాచుకో, టీవీ ముందు ఎలాగూ వినరు.

హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చిందని రోజూ తలుచుకుని కుమిలిపోకు. అది రక్తంలో షుగర్‌కు మూడు నెలల సగటు, కాబట్టి నువ్వు ఇప్పుడు మార్చే వంట ఫలితం మళ్లీ మూడు నెలలకే కనబడుతుంది. చాలామందికి 7 లోపు ఉంచమంటారు, ఆయనకు ఎంతన్నది డాక్టరుగారు చెబుతారు. ఈలోగా పక్కింటివాళ్ల లెక్కలతో పోల్చుకోవద్దు.

వచ్చే నెల కంటి పరీక్షకు మీ పెదనాన్నను తీసుకుని నెల్లూరు వస్తున్నాను. మాకోసం ప్రత్యేకంగా ఏమీ చేయకు. బొమ్మిడాయిలు దొరికితే పులుసు పెట్టు, మామిడికాయలు నేను తెస్తాను. వచ్చే ముందు రోజు ఫోను చేస్తాను. పిల్లలకు ముద్దులు, వదినగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ