స్లీమాలో గాలిని చూసి ఒడ్డును ఎంచుకో

చి.సౌ. శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. సెప్టెంబరు చివర్లో డబ్లిన్ నుంచి అందరూ కలిసి మాల్టా వెళ్తున్నామని, అక్కడి సముద్రపు ఒడ్డు పట్టణం స్లీమాలో దిగుతామని రాశావు. నెల బాగా ఎంచుకున్నావమ్మా. మేలో అక్కడ ఎండ బాగానే కాస్తుంది కానీ సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది, ఐదేళ్ల పిల్లాడు వణికిపోతాడు. వేసవంతా పట్టుకున్న వేడిని నీరు మెల్లగా వదులుతుంది కాబట్టి సెప్టెంబరు చివర్లోనూ 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. తొలి ఉరుముల వానలు మొదలయ్యేదీ అప్పుడే. గట్టి వాన పడితే మ్సీడా, బిర్కిర్కారా లాంటి ఊళ్ల పల్లపు వీధుల్లో నీళ్లు పారతాయి, బస్సులు ఆగిపోతాయి. ఆ పూట గదిలోనే ఉండండి.

వీసా పని ఇప్పుడే మొదలుపెట్టు. ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు, మాల్టా 2007 నుంచి ఉంది. డబ్లిన్‌లో మీకున్న రెసిడెన్స్ కార్డు అక్కడ చెల్లదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఒక్కరికీ షెంగెన్ వీసా కావాలి. పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా జతచేయాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వచ్చు. పరిశీలనకు మామూలుగా పదిహేను రోజులు పడుతుంది, అపాయింట్‌మెంట్ దొరకడానికే అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. మీ అత్తగారి విషయం వేరు. నివాసం ఉన్న దేశం నుంచే దరఖాస్తు చేయాలన్నది నియమం కనుక, ఆవిడది డబ్లిన్‌కు బయల్దేరకముందే ఇండియాలో పెట్టించు. ఆవిడ ఐర్లాండ్ వీసా సింగిల్ ఎంట్రీనా, మల్టిపుల్ ఎంట్రీనా అన్నది కూడా చూడు. సింగిల్ అయితే మాల్టా నుంచి తిరిగి డబ్లిన్‌లో అడుగు పెట్టనివ్వరు. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక సముద్రం. ఫొటోలు చూసి ఇసుక తిన్నెలు ఉంటాయనుకోకు. స్లీమా ఒడ్డు వెంట టవర్ రోడ్డు పొడవునా ఉన్నది సున్నపురాయి బండ. అక్కడక్కడా ఇనుప నిచ్చెనలు ఉంటాయి, వాటి మీదుగా నేరుగా లోతు నీళ్లలోకి దిగడమే. ఈత వచ్చినవాళ్లకు అంత శుభ్రమైన నీరు దొరకడం అదృష్టం. కానీ బండ మీద దిగడం తేలిక, ఎక్కడం కష్టం. నీళ్లలోకి దిగకముందే పైకి ఏ నిచ్చెన మీదుగా రావాలో చూసిపెట్టుకోండి. అల ఎంత ఎత్తుకు లేస్తోందో ఐదు నిమిషాలు నిలబడి గమనించండి. నీటి అంచున పచ్చగా మెరిసేది పాచి, దాని మీద కాలు పెడితే జారడమే. నిచ్చెనకు ముఖం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని దిగాలి. బండ పగుళ్లలో నల్లటి ముళ్లకాయల్లాంటి సీ అర్చిన్లు ఉంటాయి, అరికాల్లో ముల్లు విరిగితే యాత్ర అంతా కుంటుతూ తిరగాలి. అందరికీ రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కొను. పిల్లాడిని ఆడించడానికి ఫాండ్ ఆదీర్ దగ్గర బండలో తొలిచిన చతురస్రపు మడుగులున్నాయి. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే, పక్కన పెద్దవాళ్లు ఉంటేనే.

మాల్టాలో ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో తేల్చేది గాలి. పొద్దున కాఫీ తాగేటప్పుడే ఫోన్లో గాలి దిక్కు చూడు. ఎక్కువ రోజులు వాయవ్యం నుంచి వీస్తుంది. ఆ రోజు పడమటి వైపున్న గోల్డెన్ బే, అయిన్ తుఫీహా వద్దు, అలలు నేరుగా ఒడ్డు మీదికే వస్తాయి. ఆగ్నేయాన బిర్జెబ్బూజాలో ప్రెట్టీ బే అనే ఇసుక తీరం ఉంది, అటు వెళ్లండి. ఈశాన్యపు గాలి వస్తే స్లీమా బండలూ, మెల్లీహాలోని ఆదీరా తీరమూ రెండూ పనికిరావు, అప్పుడు గోల్డెన్ బే బాగుంటుంది. గాలి ఆగిన వెంటనే సముద్రం కుదుటపడదు, అలల ఊపు తగ్గడానికి ఇంకో రోజు పట్టవచ్చు. అన్నిటికంటే మోసం చేసేది నైరుతి గాలి. స్లీమా ఒడ్డున ఆ రోజు నీరు అద్దంలా కనిపిస్తుంది, గాలి మాత్రం నేల మీది నుంచి సముద్రంలోకి తోస్తుంటుంది. పిల్లాడి గాలి ట్యూబు మీ చేతికి అందనంత దూరం పోవడానికి నిమిషం చాలు. ఆ రోజు ట్యూబు సంచిలోంచి తీయనే వద్దు.

జెల్లీచేపలూ గాలితోనే ఒడ్డుకు వస్తాయి. అక్కడ ఎక్కువగా కనిపించేది గులాబీ-ఊదా రంగుది, చిన్నదే కానీ బాగా మండిస్తుంది. లైఫ్‌గార్డులున్న తీరంలో ఊదా జెండా కనబడితే దిగకండి. ఎర్రజెండా అయితే సరేసరి. కుడితే మంచినీళ్లు పోయకు, తువ్వాలుతో రుద్దకు. చర్మానికి అంటుకున్న విషపు కణాలు ఇంకా పగులుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, ఏటీఎం కార్డు అంచుతో పీచులు గీకేయాలి. వంటసోడా, సముద్రపు నీళ్లు సమానంగా కలిపిన ముద్ద రెండు నిమిషాలు పట్టించి, కడిగి, ఐసు గుడ్డలో చుట్టి పెట్టాలి. ఈ రకానికి వెనిగర్ వద్దు. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా 112కి ఫోన్ చెయ్యి.

రాజధాని వల్లెట్టాకు స్లీమా నుంచి చిన్న ఓడలో పది నిమిషాలే. దిగిన చోటు నుంచి ఊళ్లోకి నిలువు ఎక్కుడు, మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని బస్సులో తీసుకెళ్లు, కోట గుమ్మం ముందే ఆగుతుంది, లోపల రిపబ్లిక్ వీధి చాలావరకు చదును. బస్సు వస్తుంటే చెయ్యెత్తాలి, లేకపోతే ఆపకుండా పోతుంది. సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1608లో గీసిన యోహాను శిరచ్ఛేదం తప్పక చూడండి, ఆయన సంతకం ఉన్న చిత్రం అదొక్కటే. ఆదివారం సందర్శకులను రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. నేలంతా పాలరాతి సమాధులు కాబట్టి సన్న మడమల చెప్పులకు అనుమతి లేదు.

హైపోజియం అనే భూగర్భ సమాధులకు రోజుకు 80 మందినే పంపుతారు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. ఆరేళ్లలోపు పిల్లలను రానివ్వరు కనుక మీ ఇద్దరూ వేర్వేరు సమయాలకు తీసుకోండి. కొమీనో అనే చిన్న దీవిలోని బ్లూ లగూన్ ఈత మడుగుకు 2025 వేసవి నుంచి ఆన్‌లైన్లో సమయం ముందే బుక్ చేసుకోవాలి. మీ బృందానికి నా సలహా అయితే అది మానేసి పక్క దీవి గోజోకు ఒక రోజు పూర్తిగా ఇవ్వడం. 222 బస్సు చిర్కెవ్వా వరకు వెళ్తుంది, అక్కడి నుంచి ఓడలో సుమారు 25 నిమిషాలు. టికెట్ తిరుగు ప్రయాణంలోనే అడుగుతారు. గోజోలో ద్వేరా దగ్గర రాతి తోరణం కోసం వెతక్కండి, అది 2017 మార్చిలో తుపానుకు కూలిపోయింది.

అత్తగారు శాకాహారి కదా. పాస్తిత్సీ అనే పొరల పఫ్‌లో రికోటా జున్నో, బఠాణీ ముద్దో ఉంటుంది, కానీ పిండిలో పందికొవ్వు వాడే చోట్లున్నాయి, అడగకుండా పెట్టకు. రొట్టె మీద టమాటా రాసి ఇచ్చేదాంట్లో ట్యూనా చేప కలుపుతారు, వద్దని ముందే చెప్పాలి. చిక్కుడుగింజల ముద్ద బిగిల్లా, వంకాయ కూర కపునాతా నిశ్చింతగా తినవచ్చు. కుళాయి నీళ్లు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే, తాగవచ్చు కానీ రుచి ఉప్పగా ఉంటుంది. సీసా నీళ్లు కొంటే ఒక్కోదానికి 10 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా నలపకుండా మెషీన్లో వేస్తే తిరిగి వస్తుంది. ప్లగ్గులు మీ డబ్లిన్‌వే, అడాప్టరు అక్కర్లేదు.

హోటల్ ఖాయం చేసేముందు రెండు ప్రశ్నలు రాసి అడుగు: పక్కన భవనం కడుతున్నారా, గది ఏ వైపు ఉంది. స్లీమాలో కట్టడాలు ఎక్కువ, పొద్దున్నే డ్రిల్లింగ్ మొదలవుతుంది. ధర తక్కువని పాచవిల్ వైపు మాత్రం పోవద్దు, అక్కడ తెల్లవార్లూ క్లబ్బుల మోతే.

ఆశీస్సులతో,
బాబాయి