వానకి ఉబ్బిన ప్లైవుడ్ బల్ల

పెయింట్ రెండు పూతలు వేసినా మీ బల్ల ఉబ్బిందంటే నీళ్లు పైనుంచి కాదు, కోసిన అంచుల్లోంచి దిగి ఉంటాయి. ఇంటి చెక్కపనిలో మిగిలిన ముక్కలతో చేసేటప్పుడు చాలామంది వదిలేసేది ఆ అంచులనే.

1. పొరలు విడిపోయిన ముక్క తీసేయండి, అది మళ్లీ గట్టిగా అతుక్కోవడం కష్టం. మిగిలినవాటిలో ఐఎస్ 710 ముద్ర (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉన్నది ఉంటే అదే పైన వేయండి.

2. అంచులు, స్క్రూ రంధ్రాలు, కాళ్ల అడుగులు బాగా ఎండబెట్టి, నున్నగా రుద్ది, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) పట్టించండి. మొదటి పూత మొత్తం పీల్చేసుకుంటుంది, అందుకే ఆరాక మళ్లీ వేయాలి, ఇది మాత్రం దయచేసి మానొద్దు. కోనసీమ ముసురులో చెక్క ఆరదు, ఎండాకాలంలోనే పెట్టుకోండి.

3. కాళ్ల కింద టైల్ ముక్కలు. మన నల్లమట్టి తడి వదలదు.

4. వెనక కాళ్లు అర అంగుళం తగ్గిస్తే నీళ్లు నిలవవు.

5. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే, అంతర్వేది వైపు ఉప్పుగాలికైతే 316 రకం.