మీ ప్రశ్న, మా జవాబు: ఆనిస్టన్, గొట్టాలు పోసిన ఊరు

ప్రశ్న: అలబామాలోని ఆనిస్టన్‌కు ‘మురుగు గొట్టాల రాజధాని’ అని పేరట. అమెరికా దక్షిణాదిలో ఇంత చిన్న ఊరికి ఆ పరిశ్రమ ఎలా వచ్చింది?

జవాబు: అపలాచియన్ కొండల చివరి వరసల్లో ఉందీ ఊరు. ఇనుపరాయి, సున్నపురాయి, బొగ్గు కాల్చుకోవడానికి అడవి, మూడూ దగ్గర్లోనే దొరికేవి. అంతర్యుద్ధంలో ఆ పక్కనే ఉన్న కొలిమిని 1865లో ఉత్తరాది సేన తగలబెట్టింది. ఇంగ్లండులో పుట్టిన శామ్యూల్ నోబుల్, ఒకప్పటి ఉత్తరాది జనరల్ డేనియల్ టైలర్ కుటుంబంతో కలిసి 1872లో ఉడ్‌స్టాక్ ఐరన్ కంపెనీ పెట్టాడు. టైలర్ కోడలు ఆనీ పేరు మీదే ‘ఆనీస్ టౌన్’, అదే ఆనిస్టన్ అయింది. 1883 దాకా ఊరంతా కంపెనీదే, బయటివాళ్లకు అమ్మకాలు లేవు. గొట్టాల ఫౌండ్రీలు, అంటే ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానాలు, ఆ తర్వాత వచ్చాయి.

ప్రశ్న: గొట్టం లోపల బోలు ఎలా వస్తుంది? పోతలో ఏం చెడిపోతుంది?

జవాబు: పాత పద్ధతిలో 5 అడుగుల గొట్టాన్ని పడుకోబెట్టి పోసేవారు. రెండు సగాల ఇనుప పెట్టెలో తడి ఇసుక దిమ్మించి బయటి ఆకారం తీస్తారు. మధ్యలో, ఇనుప కడ్డీ చుట్టూ ఇసుక పట్టించిన ‘కోర్’ పెడతారు. ఈ రెంటి మధ్య సందే గొట్టం మందం. ఇనుము కరిగించే కుపోలా కొలిమిలో కోక్ బొగ్గు, ఇనుము, సున్నపురాయి వరసలుగా వేస్తారు. సున్నపురాయి మలినాలను చిట్టెంగా పైకి తేలుస్తుంది.

ఎక్కువగా బాధపెట్టేది కోరే. కరిగిన ఇనుము ఇసుక కన్నా బాగా బరువు కాబట్టి కోర్ పైకి తేలబోతుంది. తేలిందంటే గొట్టం పైభాగం పలచన, అడుగు మందం అవుతాయి. ఇసుకలో తడి ఎక్కువైతే ఆవిరి చిక్కుకుని బుడగ రంధ్రాలు పడతాయి. ఇనుము చల్లబడ్డాక పోస్తే రెండు ధారలు కలిసే చోట అతుకు సరిగ్గా పట్టదు. గిర్రున తిరిగే అచ్చులో పోసే పద్ధతి వచ్చాక కోర్ బాధ చాలావరకు తీరింది. పాత ఫౌండ్రీలో వేడీ ఇసుక దుమ్మూ ఒంటిమీద పడే పనులు ఎక్కువగా నల్లజాతివాళ్లకే అప్పగించేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఈ సంగతి చెప్పకుండా ఆ గొట్టాల గొప్ప చెప్పడం న్యాయం కాదు.

ప్రశ్న: ఆ గొట్టాలను సీసంతో ఎలా అతికేవారు?

జవాబు: ఒక గొట్టం కొసను ఇంకోదాని వెడల్పు మూతిలో అడుగు తగిలేదాకా దించి, చుట్టూ సందు సమానంగా ఉండేట్టు చూడాలి. తారు పట్టించిన నారను ఆ సందులో గట్టిగా కూరి, పైన 1 అంగుళం ఖాళీ వదలాలి. సీసం లెక్క గొట్టం వ్యాసంలో అంగుళానికి సుమారు 1 పౌండు, అంటే 4 అంగుళాల గొట్టానికి 4 పౌండ్లు. దాన్ని కరిగించి ఒకే ధారగా పోయాలి. మధ్యలో ఆపితే పొరలు కలవవు, నీరు కారుతుంది. చల్లారేటప్పుడు సీసం ముడుచుకుంటుంది కాబట్టి ఉలితో చుట్టూ కొట్టి బిగించాలి. మరీ గట్టిగా కొడితే మూతి పగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సందులో గానీ గరిటెలో గానీ నీటిచుక్క ఉండకూడదు. ఉంటే సీసం చిమ్మి మొహం మీద పడుతుంది.

ప్రశ్న: 1961లో బస్సు తగలబెట్టింది ఈ ఊళ్లోనేనా?

జవాబు: అవును. మే 14న ఫ్రీడమ్ రైడర్ల (బస్సుల్లో జాతి వివక్షను ఎదిరిస్తూ కలిసి ప్రయాణించిన నల్లవాళ్లు, తెల్లవాళ్లు) బస్సును మూక ఊళ్లోని స్టేషన్‌లో చుట్టుముట్టి టైర్లు కోసింది. ఊరు దాటాక అది ఆగిపోతే నిప్పు పెట్టారు. ఆ చోట్లు 2017 నుంచి జాతీయ స్మారకం.

ప్రశ్న: అక్కడి వాగు చేపలు తినొద్దంటారు, బాగా కడిగి వేపినా ప్రమాదమేనా?

జవాబు: ప్రమాదమే. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన పీసీబీలు అనే విష రసాయనాలు ఆనిస్టన్‌లో 1929 నుంచి 1971 దాకా తయారయ్యాయి. 1935లో ఆ ఫ్యాక్టరీ మోన్‌సాంటో అనే రసాయనాల కంపెనీ చేతికి వచ్చింది. వ్యర్థాలు స్నో క్రీక్ మీదుగా చొకలొకో క్రీక్‌లోకి చేరాయి. ఎక్కువ దెబ్బ తిన్నది నల్లజాతివాళ్లు ఉండే పడమటి పేటలు. పెరళ్లలోని మట్టి కూడా తవ్వి తీయాల్సి వచ్చింది. 2003లో 20,000 మందికి పైగా బాధితులతో 70 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

పీసీబీ నీళ్లలో కరగదు, బురదకు అంటుకుంటుంది, కొవ్వులో పేరుకుంటుంది. అందుకే కడిగితే పోదు. చర్మం, పొట్ట కొవ్వు తీసేసి, కొవ్వు కారిపోయేలా కాలిస్తే కొంత తగ్గుతుంది. వేపితే కారిన కొవ్వు నూనెలోనే ఉండిపోతుంది. ‘తినొద్దు’ అని బోర్డు పెట్టిన నీళ్లలో చేపకు మాత్రం ఈ ఉపాయాలేవీ చాలవు. బురద అడుగున తిరిగే క్యాట్‌ఫిష్‌ను అసలే ముట్టుకోవద్దు.