అండమాన్‌కి దసరా సెలవులు వద్దు, సంక్రాంతి సెలవులు చూడండి

మేడం, విశాఖ నుంచి పిల్లలతో, అత్తగారితో అండమాన్ వెళ్ళాలి, దసరాకా, సంక్రాంతికా, వేసవికా అని అడిగారు. నా ఓటు సంక్రాంతికే.

దసరా మాత్రం వద్దండి. అక్టోబర్, నవంబర్ నెలలు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 2014లో మన ఊరిని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ ముందు అండమాన్ దీవులను దాటుకునే ఇటు వచ్చింది. అంత తుఫాను రాకపోయినా సముద్రం కాస్త పోటెత్తితే చాలు, దీవుల మధ్య తిరిగే ఫెర్రీలు ఆపేస్తారు. మీరు బుక్ చేసిన హోటల్ హేవ్‌లాక్ దీవిలో, మీరేమో పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు)! డబ్బులు పోవడం ఒకటి, టెన్షన్ ఇంకొకటి.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం బాగా శాంతంగా ఉంటుంది, నీళ్ళలో పగడాలు చక్కగా కనిపిస్తాయి. కానీ పిల్లలకు అప్పుడు బడి, పరీక్షలు. అందుకే సంక్రాంతి అంటున్నాను. క్రిస్మస్, న్యూ ఇయర్ రద్దీ కూడా అప్పటికి తగ్గుతుంది.

వేసవే కుదిరితే బడి మూసిన వెంటనే, ఏప్రిల్ చివర్లోనే బయల్దేరండి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి.

అత్తగారికి వాంతుల భయం అన్నారు కదా, విశాఖ ఓడరేవు నుంచి వెళ్ళే ఓడ జోలికి పోకండి. రెండు రోజులకు పైనే పడుతుంది. విమానమే నయం.