మందు ముట్టని మనిషికి ప్యాంక్రియాటైటిస్ అంత తీవ్రంగా ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా వారికి 43 ఏళ్లు. మందు అలవాటు లేదు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, బరువు 94 కిలోలు. నెల క్రితం పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి వచ్చి వీపు దాకా పాకింది. అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ (క్లోమం హఠాత్తుగా వాచే జబ్బు) అన్నారు. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 1,850 ఉందట. ఆరు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆయన ఆఫీసులో ఒకరికి గాల్‌బ్లాడర్ రాళ్ల వల్ల ఇదే జబ్బు వస్తే నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేశారు. ఈయనకే ఎందుకింత ముదిరింది? మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ‘తాగుతాడా?’ అని చుట్టాలు ఈపాటికి అడిగే ఉంటారు. పట్టించుకోకండి. ఈ జబ్బుకు మద్యం, పిత్తాశయంలో రాళ్లు ఎలా కారణాలో, ట్రైగ్లిజరైడ్స్ 1,000 దాటడం కూడా అలాంటి కారణమే. షుగర్ అదుపు తప్పితే రక్తంలోని కొవ్వు సరిగా కరగదు, ట్రైగ్లిజరైడ్స్ పేరుకుపోతాయి. మీ వారి విషయంలో ఇదే జరిగి ఉండొచ్చు.

జబ్బు రావడం ఒక ఎత్తు, ముదరడం ఇంకో ఎత్తు. క్లోమం వాచినప్పుడు లైపేజ్ అనే ఎంజైమ్ బయటికి కారుతుంది. కొవ్వును విడగొట్టడమే దాని పని. పొట్ట లోపల, క్లోమం చుట్టూ కొవ్వు దండిగా ఉన్న మనిషిలో దానికి కావలసినంత మేత దొరుకుతుంది. అలా విడివడిన కొవ్వు ఆమ్లాలు చుట్టుపక్కల కణాలను దెబ్బతీస్తాయి, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ చేటు చేస్తాయి. అవయవాల వైఫల్యం 48 గంటలు దాటినా తగ్గకపోతే దాన్ని తీవ్రమైన కేసుగా లెక్కిస్తాం. పొట్ట లోపలి కొవ్వు ఇంత చేటు చేస్తుంది కాబట్టే నేను బరువు కంటే నడుము కొలత ముందు చూస్తాను. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. అలాగని పొట్ట ఉన్న అందరికీ ఇలా అవుతుందని కాదు, సన్నగా ఉన్నవారికీ ఒక్కోసారి ముదురుతుంది.

మళ్లీ వస్తుందా అంటే, ట్రైగ్లిజరైడ్స్ మళ్లీ పెరిగితే వచ్చే అవకాశం ఉంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆసుపత్రిలో తిండి ఆపేసరికి రెండు మూడు రోజుల్లోనే ఆ అంకె బాగా పడిపోతుంది. డిశ్చార్జి కాగితం మీద తక్కువ చూసి మాత్రలు మానేస్తారు. ఇంట్లో మామూలు భోజనం మొదలైంది కాబట్టి ఇప్పుడు పరగడుపున మళ్లీ పరీక్ష చేయించండి. ఎప్పుడూ 500 లోపే ఉండాలి, 150కి దగ్గరగా తేగలిగితే మరీ మంచిది. ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫెనోఫైబ్రేట్ లాంటి మందు రాసి ఉంటే డాక్టర్ చెప్పకుండా ఆపకండి. నూనె, వేపుళ్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు బాగా తగ్గించాలి. అన్నం కొలిచి పెట్టండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి, ఈ జబ్బు తర్వాత షుగర్ ఇంకా పెరగొచ్చు. బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెబితే, ప్యాంక్రియాటైటిస్ వచ్చిన సంగతి డాక్టర్‌కు చెప్పాకే ఆలోచించండి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉండటం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఒకసారి రక్తంలో కొవ్వు చూసే లిపిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

అదే నొప్పి మళ్లీ వస్తే గ్యాస్ అనుకుని మాత్ర వేసి తెల్లారేదాకా చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.