ఆర్ట్ టీచర్ కావాలంటే రాయడం కూడా సాధనే

ప్రశ్న: బీఏ పూర్తిచేసి గుంటూరులో బీఈడీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యాను. ఆర్ట్ టీచర్ కావాలన్నది నా కోరిక. కాలేజీలో వ్యాసాలు చదివి, వాటిపై మా ఆలోచనలు రాసి రికార్డు ఇమ్మంటున్నారు. చాలామంది సీనియర్ల రికార్డులు తెచ్చుకుని చూసి రాసేస్తున్నారు. బొమ్మలు వేసేవాళ్లకు ఈ రాతపనితో ఏం ప్రయోజనం? ఆ సమయంలో బొమ్మల సాధన చేసుకోవడం మేలు కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సాధన మానకండి. ఆ రికార్డును మాత్రం దయచేసి ఎవరిదీ చూసి రాయకండి. ఈ రెండేళ్ల కోర్సులో ఆర్ట్ టీచర్ కాబోయేవారికి అంతగా పనికొచ్చే భాగం మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బీఈడీని రెండేళ్లకు పెంచినప్పుడు, ఉపాధ్యాయుల సామర్థ్యాన్ని పెంచేందుకంటూ నాలుగు ప్రత్యేక అంశాలు చేర్చింది. మొదటిది చదివినదాని గురించి ఆలోచించి రాయడం. రెండోది విద్యలో నాటకం, కళలు. కాలేజీలు వీటిని వేర్వేరు రికార్డులుగా చూస్తాయి. మీరు మాత్రం రెండూ ఒకే పని అనుకుని చేయండి.

ఎందుకో చెబుతాను. చిత్రకారుడికి తన బొమ్మ ఒక్కటే ఎదురుగా ఉంటుంది. టీచరు ముందు క్లాసు నిండా పిల్లలు, వాళ్ల బొమ్మలు ఉంటాయి. గంట కొట్టగానే మరో క్లాసు. ఏ పిల్లవాడి బొమ్మ చూసి ఏమన్నామో సాయంత్రానికి మనకు గుర్తుండదు. ఆ పిల్లవాడికి మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ‘నాకు బొమ్మలు రావు’ అనే పెద్దలను అడిగి చూడండి, చిన్నప్పుడు ఎవరో అన్న ఒక మాట చెబుతారు.

రెండో తరగతి పిల్లలను ప్రకాశం బ్యారేజీ బొమ్మ వేయమన్నారనుకుందాం. ఒకడు కాగితానికి అడ్డంగా రోడ్డు గీశాడు. ఒక వరుస కార్లు నిటారుగా, రెండో వరుస కార్లు తలకిందులుగా ఉన్నాయి. కృష్ణలోని చేపలన్నీ పైకి కనిపిస్తున్నాయి. ఒక చివర నాన్న బండి మీద వాడే, మరో చివర ఐస్‌క్రీమ్ తింటూ మళ్లీ వాడే. ‘ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? చెరిపెయ్’ అనడం చాలా సులువు. పిల్లల చిత్రకళ మీద కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన పరిశీలనలు చదివినవారు ఆ మాట అనలేరు. సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో పిల్లలు లోపలున్నవి బయటికి కనిపించేలా వేయడం, రోడ్డుకు రెండు వైపులా ఉన్నవాటిని మడత విప్పినట్టు పరచడం, వేర్వేరు సమయాల్లో జరిగినవాటిని ఒకే బొమ్మలో పెట్టడం సహజమని ఆయన వివరించారు. మనం తప్పు అనుకున్నది ఆ వయసు ఆలోచనా తీరు.

ఇప్పుడు మన అమరావతికి రండి. అక్కడి బౌద్ధ స్తూపానికి చెందిన, బుద్ధుడు నాలాగిరి అనే ఏనుగును శాంతపరిచిన వృత్తాకార శిల్పం ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అందులో వీధిలో మనుషులను తొక్కుతున్న ఏనుగు, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు. రెండూ ఒకే ఏనుగు. సుమారు 1,800 ఏళ్ల కిందటి శిల్పి కూడా ఒకే ప్రాణిని రెండుసార్లు చూపించాడు. ఇద్దరి కారణాలూ ఒకటి కావు. శిల్పికి అది తెలిసి ఎంచుకున్న కథన పద్ధతి, పిల్లవాడికి తనకు తెలిసినదంతా చెప్పేయాలన్న ఆత్రం. ఈ తేడా మీకు మీరుగా ఆలోచించి రాసుకున్న రోజు ఆ పిల్లవాడితో మాట్లాడే తీరే మారుతుంది. ‘ఇక్కడ ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది?’ అని అడుగుతారు. పుస్తకంలోని పేజీ, మ్యూజియంలోని రాయి, క్లాసులోని కాగితం మూడూ ఒకే చోట కలిసిన ఇలాంటి పేజీ ఏ సీనియర్ రికార్డులోనూ దొరకదు.

రాసేటప్పుడు ముందు చూసింది రాయండి, అభిప్రాయం తర్వాత. ‘పాఠం బాగా జరిగింది, పిల్లలు ఆసక్తిగా పాల్గొన్నారు’ అనే వాక్యాలతో రికార్డులు నిండిపోతుంటాయి. వాటి వల్ల రాసినవారికి ఏమీ మిగలదు. పిల్లవాడు అన్న మాటను అన్నట్టే రాయండి. మీరు ఇచ్చిన సమాధానాన్నీ దాచకుండా రాయండి. అదే పాఠం రేపు మళ్లీ చెబితే ఏం మారుస్తారో ఒక్క వాక్యం చాలు. రెండో సంవత్సరంలో పదహారు వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది కాబట్టి ఇప్పుడే చేయి తిరగనివ్వండి. వ్యాసాలు చదివేటప్పుడు కూడా సారాంశం రాయకండి. మీకు ఒప్పుకోబుద్ధి కాని వాక్యం ఒకటి పట్టుకుని, ఎందుకు ఒప్పుకోలేకపోతున్నారో రాయండి.

సెలవు రోజున విజయవాడ బాపు మ్యూజియానికి గానీ ఉండవల్లి గుహలకు గానీ వెళ్లి, ఒక్క శిల్పం ముందే అరగంట కూర్చోండి. పక్కనున్న వివరాల పలకను చివర్లో చదవండి.

తెలుగులోనే రాయండి. తెలుగులో కళ గురించి రాయలేమనే భయం ఉంటే మీ జిల్లాలోని తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్‌ను తలచుకోండి. ఆయన బొమ్మలు వేశారు, కళ గురించి వ్యాసాలు రాశారు, ఇక లేఖలకు లెక్కేలేదు. చిత్రకారుడు, నవలాకారుడు అడివి బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. కుంచె పట్టిన చేయి కలం పట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు.

ఉద్యోగం సంగతి. డ్రాయింగ్ హయ్యర్ పాసయ్యారు కాబట్టి వేసవిలో జరిగే 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ గురించి కూడా ఆలోచించండి. కేంద్రీయ విద్యాలయాల వంటి చోట్ల సాధారణంగా చిత్రకళలో డిగ్రీ లేదా దీర్ఘకాలిక డిప్లొమా అడుగుతారు. అటువైపు వెళ్లాలనుకుంటే బీఈడీ తర్వాత బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ఆలోచన అవసరం. ఏ పోస్టుకైనా అర్హతలను ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, ఎవరో చెప్పిన మాట నమ్మకండి.

ప్రైవేటు పాఠశాలల ఇంటర్వ్యూకు మీ బొమ్మల ఫైలు ఎలాగూ తీసుకెళ్తారు. దాంతోపాటు ఈ రికార్డులోంచి రెండు పేజీలు, ఆ పిల్లల బొమ్మల ఫొటోలు కూడా పెట్టండి. పిల్లల పేర్లు మాత్రం తీసేయండి.