దేవుణ్ణి అడిగారు, భార్యను అడగలేదు

ప్రశ్న: నా వయసు 38 సంవత్సరాలు. వివాహమై పదకొండేళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఉద్యోగం వదిలి పూర్తికాల సేవలోకి వెళ్లాలన్న ఆలోచన 14 నెలలుగా నన్ను విడవడం లేదు. పై అధికారితో మాట పట్టింపు వచ్చినప్పటి నుండి అది మరీ బలపడింది. స్వదేశాన్ని, బంధువులను విడిచి బయలుదేరమని దేవుడు అబ్రాహాముతో అన్న మాట మూడుసార్లు నా కంటబడింది. గిద్యోనులాగా రెండుసార్లు గుర్తు అడిగితే, ఒకసారి అవునన్నట్టు, మరొకసారి కాదన్నట్టు జరిగింది. ఇప్పుడు 21 రోజుల ఉపవాసంలో ఉన్నాను. నా భార్యకు ఇంకా చెప్పలేదు. ఎందుకు తినడం లేదని అడిగితే కడుపులో బాగాలేదన్నాను. ప్రభువే ఆమె హృదయాన్ని సిద్ధపరుస్తాడని కనిపెట్టుకుని ఉన్నాను. ఇది రాస్తుండగా ఆమె గదిలోకి వస్తే నోట్‌బుక్ మూసేశాను. ఇది దేవుని స్వరమో, నా మనసు మాటో ఎలా తెలుసుకోవాలి? మరొక గుర్తు అడగవచ్చా?

జవాబు: సోదరా, మీ ప్రశ్నకు జవాబు చిన్నది. మరొక గుర్తు అడగకండి. గిద్యోను కళ్లంలో గొఱ్ఱెబొచ్చు పరిచింది దేవుని చిత్తం తెలియక కాదు. ఇశ్రాయేలీయులను మిద్యానీయుల చేతిలో నుండి రక్షించమన్న మాట అప్పటికే స్పష్టంగా విని, భయం తీరక, ఒక రాత్రి బొచ్చు తడిసి నేల ఆరి ఉండాలని, మరొక రాత్రి బొచ్చు ఆరి నేల తడిసి ఉండాలని అడిగాడు. దేవుడు ఆ బలహీనతను ఓర్చుకున్నాడే గాని, ఇకమీదట అందరూ ఇలాగే అడగండని ఎక్కడా చెప్పలేదు. ఇక అబ్రాహాము సంగతి అంటారా, బయలుదేరిన నాడు అతడు తన భార్య శారయిని వెంటబెట్టుకునే వెళ్లాడు.

మీ ఉత్తరంలో గుర్తుల గురించి చదివినంతసేపూ నాకేమీ అనిపించలేదు. మీరు నోట్‌బుక్ మూసేశారని చదివిన చోట మాత్రం ఆగిపోయాను. పదకొండేళ్లు మీతో కాపురం చేసిన మనిషి, మీరు తినడం లేదని గమనించి కారణం అడిగిన మనిషి, గదిలోకి వస్తే మీ చేయి దానంతటదే కాగితాలను దాచింది. దేవుని నడిపింపు కోసం వెతుకుతున్నవారికి ఆ చేయి చెప్పినంత స్పష్టంగా మరే గుర్తూ చెప్పదు. ఆ ఉత్తరంలో ఆమె చూడకూడనిదేదో ఉందని మీకే తెలుసు.

ఉపవాసం రహస్యంగా చేయమని ప్రభువు చెప్పింది మనుష్యుల మెప్పు కోరవద్దని. ఇంటి ఇల్లాలికి కడుపునొప్పి కథ చెప్పమని కాదు. సత్యస్వరూపి అయిన దేవుని మాట వినడానికి ఉపవాసముంటూ, దాన్ని నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడవలసి వచ్చిందంటే, ఆ ఉపవాసాన్ని ఈ పూటే ముగించవచ్చునని నా అభిప్రాయం. భార్యలను సన్మానించమని, అప్పుడే మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగదని భర్తలకు పేతురు రాసిన మాట (మొదటి పత్రిక, 3వ అధ్యాయం, 7వ వచనం) మీకు తెలియనిది కాదు. పద్నాలుగు నెలల ప్రార్థనకు జవాబు ఎందుకు తేలడం లేదో వెతకవలసిన మొదటి చోటు అదే.

గిద్యోను కథ ఉన్న న్యాయాధిపతుల గ్రంథంలోనే 13వ అధ్యాయం మళ్లీ చదవండి. సమ్సోను తల్లి అయిన మానోహ భార్య పేరు కూడా అక్కడ లేదు, కాని దేవుని దూత ముందు ఆమెకే కనబడ్డాడు. ఆమె వెంటనే వెళ్లి భర్తకు చెప్పింది. రెండవసారి పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు కనబడితే, పరుగెత్తుకుంటూ వెళ్లి అతణ్ణి పిలుచుకొచ్చింది. తరువాత, దేవుణ్ణి చూశాం గనుక చచ్చిపోతామని మానోహ వణికిపోయినప్పుడు, మనల్ని చంపాలనుకుంటే యెహోవా మన బలిని అంగీకరించేవాడా అని నిబ్బరంగా ఆలోచించి చెప్పింది ఆమె. ఆ ఇంట్లో దేవుని మనసును సరిగ్గా గ్రహించింది భార్యే. మీ ఇంట్లోనూ అలా జరిగే అవకాశం ఉందని మీకెందుకు తోచలేదు?

‘ప్రభువు ఆమె హృదయాన్ని సిద్ధపరుస్తాడు’ అన్న మాట వినడానికి భక్తిగా ఉంది గాని, నాకు నచ్చలేదు. అందులో మీ నిర్ణయం అయిపోయింది, ఒప్పుకోవడమే ఆమె వంతు. మీ నోటితో చెప్పవలసినదాన్ని దేవుని మీదికి నెట్టి కనిపెట్టుకుని ఉన్నానంటున్నారు. త్రోయ పట్టణంలో, మాసిదోనియకు రమ్మన్న దర్శనం చూసినవాడు పౌలు ఒక్కడే. అయినా దేవుడు మమ్మల్ని పిలిచాడని ‘మేము’ నిశ్చయించుకున్నామని అపొస్తలుల కార్యములలో (16వ అధ్యాయం, 10వ వచనం) ఉంది. దర్శనం ఒకరికే కలిగినా నిశ్చయం కలిసి చేసుకున్నారు.

నా భర్త కూడా ఒకప్పుడు ఇలాంటి నిర్ణయాన్ని పూర్తిగా కట్టి తెచ్చి నా ముందు పెట్టారు. మంచి నిర్ణయమే, దానివల్ల మాకు మేలే జరిగింది. కాని నా ఇంటి సంగతిని ఎవరో పొరుగువారి వార్తలా విన్న ఆ సాయంత్రం ఇప్పటికీ నా మనసులో నుండి పోలేదు. మంచి నిర్ణయమైతే భార్య నొచ్చుకోదని అనుకోకండి.

పై అధికారితో గొడవ విషయం ఒక్కటి చెప్పి ముగిస్తాను. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచం పట్టి, తన ఆలోచనలు ఏవి శాంతినిస్తున్నాయో, ఏవి మనసును ఎండిపోయేలా చేస్తున్నాయో గమనించడం నేర్చుకున్న కాథలిక్ గురువు లొయోలా ఇగ్నేషియస్, మనసు కుంగి ఉన్నప్పుడు మునుపటి తీర్మానాన్ని మార్చుకోవద్దన్నాడు. సంఘాలు వేరైనా ఈ మాట నేను ఎందరికో చెబుతాను. ఆ కోపం పూర్తిగా చల్లారేదాకా రాజీనామా పత్రం రాయకండి. అప్పటికీ ఆలోచన నిలిచి ఉంటే, సంఘంలో మీరంటే ప్రేమ ఉండి, మీకు ఎదురు చెప్పగల ధైర్యం కూడా ఉన్న పెద్దల దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి.

కాని ముందు మీ ఇంటి సంగతి చూడండి. పిల్లలు పడుకున్నాక కూర్చోండి. కడుపునొప్పి అబద్ధమని మొదట ఒప్పుకోండి. ‘ప్రభువు నాకు చెప్పాడు’ అని మొదలుపెడితే ఆమెకు ఇక మాట్లాడే చోటే ఉండదు. దేవుణ్ణి ఎదిరించినట్టవుతుందని నోరు మూసుకుంటుంది. ‘నాకిలా అనిపిస్తోంది, నీకేమనిపిస్తోంది’ అని అడగండి. పిల్లల చదువు, నెల గడిచే మార్గం గురించి ఆమె అడిగితే దాన్ని అవిశ్వాసం అనకండి. స్వకీయులను సంరక్షించని వాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు రాసిన మాటనే ఆమె మీకు గుర్తు చేస్తున్నట్టు. వెంటనే ఒప్పుకోమని అడగకండి. మీరు పద్నాలుగు నెలలు తీసుకున్నారు, ఆమెకూ అంత గడువు ఇవ్వండి. ఆ నోట్‌బుక్ ఆమె చేతిలో పెట్టండి, ఆమె చదివినంతసేపు ఏమీ వివరించకండి.